డెక్క చెడిన గుఱ్ఱమును లాడము లేకుండ బాగుచేయు విధము
(అవనిగడ్డ, దివిసీమ, గుడివాడ, బందరు ప్రాంతముల రైతుల ఉపయోగార్థము)

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమున కలియును. ఆ పాయల నడుమ నున్న దివిసీమకు అవనిగడ్డ ముఖ్యస్థలము. ఇచ్చటి భూమి పెక్కుచోట్ల నల్లరేగడి. సముద్రము వైపునకు పోయిన కొలది చౌడు హెచ్చును. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశము బ్యారేజి దాని స్థానము నాక్రమించిన పిదపను, ఈ సీమ వరిపంటకు కాలువనీరే ఆధారము. వరికి మేలుచేయు ఆ నీరే గుఱ్ఱపు డెక్కకు కీడుచేయును. మృగశిర కార్తె మొదలు స్వాతి కార్తె వఱకు గుఱ్ఱము బురదలో నిలుచును. కాలువలు కట్టివేసిన పిమ్మట అదే బురద ఎండి, బీటలువారి, రాయివలె గట్టిపడును. నానిన డెక్క హఠాత్తుగా ఎండుటవలన పగులును. ఎండిన డెక్క మరల నానుటవలన కుళ్ళును.

పూర్వము బందరు, గుడివాడ పట్టణములలో జట్కాలు తిరుగుచుండిన కాలమున లాడములు కొట్టువారు పేటపేటకు దొరకుచుండిరి. జట్కాలు తగ్గిన పిదప ఆ వృత్తివారును అరుదైరి. కావున నేడు గుఱ్ఱమును పెంచు రైతు దాని డెక్కను తానే కనిపెట్టి కాపాడుకొనవలసియున్నది. కుంటుపడిన గుఱ్ఱము ఇక పనికిరాదని తలచి తక్కువ వెలకు తెగనమ్మువారు కొందఱు కలరు. డెక్క గోరువంటిది; లోపలి ఎముక చెడనిచో అది మరల పెరుగును. ఆ పెరుగుదలకు తగిన వ్యవధి, పొడినేల, సరియైన మేత ఇచ్చుటయే చికిత్సలో ముఖ్యభాగము.

1. డెక్క నిర్మాణము

రైతు గుఱ్ఱపు కాలు ఎత్తి చూచినయెడల నాలుగు భాగములు కానవచ్చును. చుట్టును గట్టిగా నున్నది డెక్క గోడ. గోడకు లోపల కొంచెము గుంటగా నున్నది అడుగు పలక. ఈ రెండును కలియుచోట సన్నని తెల్లగీత యుండును. మడమ వైపునుండి మొదలై ముందునకు సన్నమగుచు వచ్చు మెత్తని త్రికోణపు భాగము నాల్గవది. దీనిని ఈ పత్రమున త్రికోణపు మెత్త యని వ్యవహరింపబడును. గుఱ్ఱము అడుగు వేసినపుడు మడమలు కొంచెము విచ్చుకొని, ఈ మెత్తయు దాని పైనున్న దిండువంటి కండయు నేల తాకిడిని సహించును. మెత్త కుళ్ళినచో గుఱ్ఱము మడమ మోపక కాలి కొనతో నడచును; అందువలన మడమలు ముడుచుకొని, కుళ్ళు మఱింత లోతునకు పోవును.

గోడకు లోపల ఒక ఎముక కలదు. ఆ ఎముకను గోడతో కలిపి పట్టియుంచునవి వందలకొలది సన్నని పొరలు. గుఱ్ఱపు భారమంతయు ఈ పొరలయందే వ్రేలాడుచున్నది. ఇవి వాచి ఊడినయెడల ఎముక క్రిందికి దిగజారును. డెక్క రోగములలో ప్రాణాపాయకరమైనది ఇదియే.

గోడ పైయంచున, వెండ్రుకలు ముగియుచోట, క్రొత్త గోరు పుట్టును. అది నెలకు ఆరు మొదలు పది మిల్లీమీటర్ల వఱకు క్రిందికి పెరుగును. కాబట్టి ముందుభాగము పూర్తిగా క్రొత్తదగుటకు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలు పట్టును. మడమ భాగము అంతకంటె శీఘ్రముగా క్రొత్తదగును. ఒక మృగశిర నాడు పైయంచున పుట్టిన గోరు మరుసటి మృగశిర నాటికి నేలను తాకునని రైతు గుర్తుంచుకొనవలెను. నెలదినములలో బాగుచేసెదనని చెప్పువాని మాట నమ్మదగదు.

2. లాడము ఎప్పుడు తీయవలెను

లాడము లేని గుఱ్ఱము క్రొత్త విషయము కాదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీసు దేశస్థుడైన జెనొఫొన్ అశ్వపోషణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఆ కాలమున అచ్చటి గుఱ్ఱములకు లాడములు లేవు. తడిసి నున్ననైన నేల మంచి డెక్కలను సైతము చెఱుచుననియు, గుఱ్ఱము నిలుచుచోట గుండ్రని రాళ్ళు పఱచినచో డెక్కలు గట్టిపడుననియు ఆయన తెలిపెను. పదుమూడవ శతాబ్దపు చివర దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో, పాండ్య దేశమునకు ఓడలలో దిగుమతియగు గుఱ్ఱములు సరియైన పోషణయు లాడములు కొట్టువారును లేక నశించుచున్నవని వ్రాసెను. లాడము లేకపోవుట మాత్రమే క్షేమము కాదనియు, డెక్కను తీర్చి కాపాడు చేయి లేనిచో గుఱ్ఱము నిలువదనియు ఈ రెండు సంగతులను కలిపి గ్రహింపవలెను.

గోడ పెళుసై మేకులు నిలువనప్పుడు, మడమలు ముడుచుకొనినప్పుడు, మెత్త కుళ్ళినప్పుడు లాడము తీసి కొన్ని నెలలు విడిచియుంచుట మేలు. తారురోడ్డుపై దినమంతయు బండి లాగవలసిన గుఱ్ఱమునకు, అడుగు పలక మిక్కిలి పలుచనైన గుఱ్ఱమునకు లాడము గాని, ఈ కాలమున దొరకు రబ్బరు తొడుగులు గాని అవసరము కావచ్చును. లాడము తీసిన దినముననే కంకర బాటపై నడిపించుట క్రూరత్వము. మేకులను ఒక్కటొక్కటిగా ఊడదీసి, గోడ చీలకుండ లాడమును తొలగించి, అంచును ఆకురాయితో గుండ్రముగా రాచవలెను.

3. తఱచుగా వచ్చు రోగములు, వాని చికిత్స

(అ) మెత్త కుళ్ళుట. దివిసీమ వంటి తడినేలలో ఇది మిక్కిలి సాధారణము. మెత్తకు ఇరువైపుల నున్న గాడులలోను, నడిమి చీలికలోను నల్లని జిగట పదార్థము చేరి దుర్గంధము వచ్చును. గాలి సోకని చోట పెరుగు సూక్ష్మజీవులు దీనికి కారణము.

ప్రతిదినము కాలు ఎత్తి, మొద్దుకొనగల కొక్కెముతో మడమ నుండి ముందువైపునకు మట్టియు పేడయు తీసివేయవలెను. గట్టి కుంచెతో రుద్ది కడిగి, పొడిగుడ్డతో ఒత్తి తడి పోగొట్టవలెను. పిదప నీటిలో పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్‌లో దూదివత్తి తడిపి, చీలికలోనికి మెల్లగా దోపి, మఱునాడు మార్చవలెను. వ్రేలాడు కుళ్ళిన తునకలను తెలిసినవానిచేత కోయింపవలెను గాని రక్తము వచ్చునట్లు చెక్కరాదు. మైలుతుత్తము పొడి కుళ్ళును ఎండగట్టునది యైనను జీవముగల కండను కాల్చును. పచ్చిగా, ఎఱ్ఱగా నున్నచోట వేయరాదు. రెండు వారములలో వాసన తగ్గి మెత్త గట్టిపడనిచో పశువైద్యునికి చూపవలెను.

(ఆ) డెక్కలో చీము. నిన్న బాగుగా నడచిన గుఱ్ఱము నేడు ఒక కాలు నేల మోపలేకయుండును. డెక్క వేడిగా నుండి, చీలమండ వెనుక ఇరువైపుల వ్రేలు పెట్టి చూడగా నాడి బలముగా కొట్టును. తెల్లగీత యందలి పగులుగుండ మట్టియో చిన్నరాయియో లోనికి పోవుటవలన చీము పట్టును. ఎముక విరిగినదని భయపడువారును, బెణికినదని తైలము రాచి కాలము గడుపువారును కలరు.

ఇట్టి గుఱ్ఱమును పశువైద్యుడు పరీక్షించి, చీమున్నచోట చిన్న రంధ్రము చేసి వెడలించును. ఆయన వచ్చులోపల గోరువెచ్చని నీటిలో భేదియుప్పు కరగించి, ఇరువది నిమిషముల చొప్పున దినమునకు రెండుమారులు డెక్కను నానబెట్టవచ్చును. చీము వెడలినంతనే నొప్పి తగ్గుట ప్రారంభించును. పిదప నానబెట్టుట మాని, రంధ్రముపై శుభ్రమైన దూదియు గుడ్డయు కట్టి, పైన మట్టి చొరని పట్టీ చుట్టి, పొడిచోట నిలుపవలెను. ఎక్కువ దినములు నానబెట్టినచో మంచి డెక్కయు మెత్తబడును. చీమునకు దారి దొరకనిచో అది గోడలోపలగా పైకి ప్రాకి వెండ్రుకల అంచున పగులును. అచ్చట ఏర్పడిన చీలిక నెలలు గడచిన కొలది గోరుతో కూడ క్రిందికి దిగును.

(ఇ) మేకు గుచ్చుకొనుట. మెత్త నడుమగాని దాని ప్రక్క గాడులలోగాని మేకు లోతుగా దిగుట అపాయకరము. ఆ భాగమునకు పైన కీలు, నరము, తిత్తి కలవు. పశువైద్యుడు త్వరలో రాగలిగినచో మేకు మఱింత దిగకుండ ఇరుప్రక్కల దిండు కట్టి అట్లే యుంచవలెను. తప్పనిసరియై పెరుకవలసినచో ఎచ్చట, ఏ వాలున, ఎంత లోతున గుచ్చుకొన్నదో గుర్తుంచుకొని చెప్పవలెను. పైకి గాయము మానినట్లు కనబడినను లోపల చెడుచుండును.

పశువులన్నిటిలో గుఱ్ఱము ధనుర్వాతమునకు మిక్కిలి సులభముగా లోనగును. ఆ రోగబీజములు మట్టిలోను గుఱ్ఱపు లద్దెలోను ఉండును. కావున ధనుర్వాతపు టీకా క్రమము తప్పక వేయింపవలెను. గాయమైనపుడు వైద్యునికి ఆ సంగతి తెలిపి వెంటనే తగిన సూది వేయింపవలెను.

(ఈ) పొరల వాపు. దీనిలో సామాన్యముగా ముందుకాళ్ళు రెండును నొప్పి చేయును. గుఱ్ఱము ముందుకాళ్ళు చాచి, భారము వెనుకకు వేసి, కదలుటకు భయపడి నిలుచును. తిరుగుట మిక్కిలి కష్టము. కుప్పనూర్పిళ్ళ దినములలో కళ్ళము కావలి లేక గుఱ్ఱము ధాన్యపురాశిపై పడుట దీనికి ఒక కారణము. ఈనిన గుఱ్ఱమునకు మావి పడకపోవుట, మిక్కిలి కొవ్వెక్కుట, ఒక కాలు చెడగా రెండవ కాలిపైననే భారమంతయు చాలదినములు మోపుట ఇతర కారణములు.

ధాన్యము తిన్న గుఱ్ఱము ఆనాడు బాగుగనే కనబడి, ఒకటి రెండు దినముల పిదప కుంటును. కాబట్టి కుంటువఱకు వేచియుండక వెంటనే పశువైద్యుని పిలువవలెను. దాణా పూర్తిగా మాన్పవలెను. డెక్కలను చీలమండ పైవఱకు మంచుముక్కలు వేసిన నీటిలో, వైద్యుడు చెప్పినంత కాలము, మొదటి రెండు మూడు దినములు ఎడతెగక యుంచుట మేలని నేటి పశువైద్యులు కనుగొనిరి. జానెడు లోతు మెత్తని ఇసుక పఱచి, గుఱ్ఱము పండుకొనదలచిన పండుకొననీయవలెను. నడిపించినచో వాపు పోవునని తలచి బలవంతముగా త్రిప్పుట మహాదోషము. అట్లు చేయుటవలన పట్టు వదలుచున్న పొరలు తెగి ఎముక దిగజారును.

(ఉ) పగుళ్ళు. గోడ మితిమీరి పెరిగి ఒరసికొనుటవలన క్రిందినుండి పైకి పగులును. మందు పూయుటకంటె పెరిగిన అంచు రాచి గుండ్రముగా చేయుటయే దీనికి చికిత్స. పైయంచునుండి క్రిందికి వచ్చు పగులును, రక్తము కారు పగులును వైద్యునికే చూపవలెను.

ఎద్దులకు గాలికుంటు వచ్చినపుడు అదే కొట్టములోని గుఱ్ఱము కుంటినచో దానికిని అదే రోగమని తలచుట పొరపాటు. గాలికుంటు చీలిన గిట్టలుగల పశువులకే వచ్చును, గుఱ్ఱమునకు రాదు. అట్టి గుఱ్ఱమునకు వేఱు కారణము వెదకవలెను.

4. నిలుచుచోటు

ఎంత మందు వేసినను గుఱ్ఱము మూత్రములో నిలిచినంతకాలము డెక్క బాగుపడదు. కొట్టము చుట్టుప్రక్కల నేలకంటె ఒక అడుగు మెఱకగా నుండవలెను. నీరు పోవుటకు వాలు ఉంచవలెను. అడుగున ఇటుకముక్కలు దిమ్మిసకొట్టి, పైన ఏటి ఇసుక పఱచినచో తడి క్రిందికి దిగిపోవును. లద్దె దినమునకు రెండుమారులు తీసి, తడిసిన ఇసుకను మార్చవలెను. గుఱ్ఱము నీరు త్రాగుచోటను, వాకిట తిరుగుచోటను నున్నని గులకఱాళ్ళు పఱచుట డెక్కలు గట్టిపడుటకు సహాయకారి. నొప్పి పూర్తిగా తగ్గిన పిదపనే గుఱ్ఱమును వానిపై త్రిప్పవలెను.

1977 నవంబరు 19వ తేది ఉప్పెనలో దివిసీమ యందు వేలకొలది జనులును లెక్కకు మిక్కిలి పశువులును నశించిరి. తుపాను కాలమున కుంటి గుఱ్ఱము చివరి ఘడియలో పరుగెత్తలేదు. కావున మొదటి హెచ్చరికకే దానిని మెఱకచోటికి చేర్పవలెను. ఎట్టిస్థితిలోను కట్టుత్రాటితో విడిచి పోరాదు.

5. మేత

డెక్క గట్టిదనము సగము మేతవలన వచ్చును. మున్నూరు కిలోల గుఱ్ఱమునకు దినమునకు ఎండుమేత లెక్కన అయిదాఱు కిలోలు కావలెను. వట్టి వరిగడ్డిలో బలము తక్కువ. గరిక మొదలగు పచ్చికయు, వరి మాగాణులలో చల్లు పిల్లిపెసర కొంచెము ఎండబెట్టినదియు దానితో కలిపి పెట్టుట మేలు. ఉలవలు నానబెట్టిగాని ఉడికించిగాని, పనికి తగినట్లు మితముగా, రెండు మూడు పూటలుగా పెట్టవలెను. పనిలేక నిలిచియున్న గుఱ్ఱమునకు ఉలవలు తగ్గింపవలెను. పొరల వాపు వచ్చిన గుఱ్ఱమునకు పచ్చికయు దాణాయు వైద్యుని అనుమతితోనే మరల ప్రారంభింపవలెను.

డెల్టా ప్రాంతమున తవుడు సులభముగా దొరకుటచేత దానినే విశేషముగా పెట్టుచుందురు. తవుటిలో భాస్వరము సున్నపుధాతువుకంటె పదిరెట్లకు మించియుండును. గుఱ్ఱమునకు సున్నపుధాతువు భాస్వరముకంటె తక్కువ కారాదు. తవుడే ముఖ్యాహారమైనచో శరీరము తన ఎముకలలోని సున్నమును లాగికొనును. ముఖపు ఎముకలు ఉబ్బి, కాళ్ళు మారి మారి కుంటును. ఇట్టి కుంటు డెక్కకు మందు పూసిన పోదు. తవుడు తగ్గించి, మేతలో కలుపుటకై అమ్ము సున్నపురాతి పొడి వైద్యుడు చెప్పిన కొలతను కలుపవలెను.

జనుము ఈ సీమలో ఎద్దులకు పరిచితమైన మేత. అయినను గింజపట్టిన జనుము గుఱ్ఱమునకు పెట్టరాదు. జనుము గింజలు గుఱ్ఱముల ఊపిరితిత్తులను చెఱచినట్లు బ్రెజిల్ దేశమున కనుగొనిరి.

డెక్క పెళుసుగా నున్నచో బయోటిన్ అను విటమినును దినమునకు పదునైదు మొదలు ఇరువది మిల్లీగ్రాముల వఱకు, జింకు, రాగి లవణములతో కూడ వైద్యులు సూచింతురు. క్రొత్త గోరు దిగుటకు నెలలు పట్టును గనుక ఆఱు నెలలకు తక్కువ వాడి ఫలము లేదనుట తగదు.

6. తీర్చుట, నడిపించుట

నాలుగు మొదలు ఆఱు వారముల కొకమారు డెక్కను తీర్పవలెను. ఒక్కసారి ఎక్కువగా కోయుటకంటె మాటిమాటికి కొంచెముగా రాచుట క్షేమము. ముందునకు సాగిన కొనను వెనుకకు రాచి, మడమలను రెండును సమముగా నుంచవలెను. అడుగు పలకను అందముకొఱకు చెక్కి పలుచన చేయరాదు. వ్రేలితో నొక్కగా లొంగు పలక మిక్కిలి పలుచనైనదని తెలిసికొనవలెను.

నొప్పి తగ్గి, వేడి పోయి, వైద్యుడు అనుమతించిన పిదప చేతపట్టి నడిపించుట మొదలుపెట్టవలెను. మొదట మెత్తని సమమైన నేలపై పది నిమిషములు ఉదయము, పది నిమిషములు సాయంకాలము చాలును. మఱునాడు గుఱ్ఱము బిగుసుకొననిచో కొంచెము కొంచెముగా కాలము పెంచవలెను. పిదప గట్టి మట్టిబాట, ఆ పిదప తారురోడ్డు, చివరకు కంకర. అడుగు వేయునపుడు మడమ ముందు నేల తాకుచున్నదా, కొన ముందు తాకుచున్నదా అని ప్రక్కనుండి చూడవలెను. కొన ముందు తాకుచున్నంతకాలము మెత్తలో నొప్పి మిగిలియున్నదని గ్రహించి పని పెంచరాదు.

పైయంచునకు క్రిందుగా గోడపై సుద్దతో గుర్తుపెట్టి, అది చెరగకముందే దూరమును కొలిచి నెలనెల వ్రాసికొనుట మంచిది. క్రొత్త గోరు పాతదానికంటె బిగువుగా, నిటారుగా దిగుచున్నచో చికిత్స సరియైన దారిలో నున్నది.

7. చేయరానివి

కాలిన నూనె, ఆసిడు మొదలగునవి డెక్కలో పోయరాదు. తడిసిన డెక్కపై నూనె పూసి తడిని లోపల బంధింపరాదు. నొప్పి తెలియకుండ మందిచ్చి పనికి పెట్టరాదు. నొప్పియే ఆ కాలిని కాపాడు కావలివాడు. కుళ్ళిన డెక్కపై లాడము కొట్టి సంతకు తోలుట, కొన్నవానికిని గుఱ్ఱమునకును చేయు ద్రోహము.

గుఱ్ఱము కాలు మోపకపోయినను, రెండు ముందుకాళ్ళు చాచి నిలిచినను, మేకు గుచ్చుకొన్నను, దవడలు బిగుసుకొన్నను ఒక పూటయు ఆలస్యము చేయరాదు. సమీపమందలి పశువుల ఆసుపత్రికి కబురు చేయవలెను. రాష్ట్రమున 2022లో ప్రారంభమైన సంచార పశువైద్య వాహనములకు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. గన్నవరమున పశువైద్య కళాశాల కలదు.

ముఖ్యసూచనలు

1. దినమున కొకమారైనను నాలుగు కాళ్ళు ఎత్తి చూడుడు.
2. నిలుచుచోటు పొడిగా నుంచుడు.
3. తవుడు తగ్గింపుడు, కళ్ళమును కావలి కాయుడు.
4. ధనుర్వాతపు టీకా తప్పక వేయింపుడు.
5. కొంచెముగా, తఱచుగా తీర్పుడు.
6. ఒక సంవత్సరము ఓపిక పట్టుడు. పైనుండి దిగివచ్చు క్రొత్త గోరు నేలను తాకిననాడు గుఱ్ఱము తన కాళ్ళపై తాను నిలిచి రైతుకు మరల సేవచేయును.